వద్దన్నవాడే వార్మ్ లీడ్

హైదరాబాద్‌లో ప్లాటు కొనాలన్న ఆలోచన మీకు లేకపోవచ్చు. మీ ఆలోచనతో ఇక్కడ ఎవరికీ పని లేదు. ఏ అర్ధరాత్రో ఫోన్ చూస్తుంటే మోకిల విల్లాల ప్రకటన మీద వేలు పడింది. పేరూ నంబరూ ముందే నింపిపెట్టిన ఫారం ఒకటి తెరుచుకుంది. దాన్ని మూయబోయి సబ్మిట్ నొక్కారు. తెల్లారేసరికి ఏదో రియల్ ఎస్టేట్ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో మీరు లీడై, అంటే కొనే అవకాశమున్న మనిషై, కూర్చున్నారు. మీ పేరు పక్కన సోర్సు, బడ్జెట్, స్టేజీ, వాటి పక్కన మీ ఒంటి వేడి: హాటా, వార్మా, కోల్డా.

ఈ సాఫ్ట్‌వేర్లను సీఆర్ఎం అంటారు. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సేల్స్‌ఫోర్స్ పుట్టాక ఇది నెలనెలా అద్దె కట్టి వాడుకునే సరుకైంది. మన పక్కన చెన్నై నుంచి జోహో కూడా అదే అమ్ముతోంది. పనిముట్టును తిట్టి లాభం లేదు. చేతిలో డబ్బుందా, ఇంట్లో మాట చెల్లేది ఎవరిది, అవసరం నిజమేనా, ఎప్పటికి కొంటారు అని నాలుగు సంగతులు కనుక్కుని, ముందు ఎవరికి ఫోన్ చేయాలో తేల్చుకోమని ఐబీఎం సేల్స్ వాళ్లు ఏనాడో చెప్పారు. మన ఆఫీసుల్లో ఆ నాలుగూ ఎగిరిపోయి ఐదోది పాతుకుపోయింది. సోమవారం రివ్యూలో సారుకి ఏం చూపించాలి?

టెలీకాలర్ అమ్మాయి తెర ముందు ఒక్క గంట కూర్చోండి, ఈ వేడి ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. ఫోన్ పెట్టేయగానే కింద ఒక జాబితా తెరుచుకుంటుంది. ఆర్ఎన్ఆర్, అంటే రింగయింది, ఎత్తలేదు. తర్వాత స్విచ్డాఫ్, కాల్‌బ్యాక్, సైట్ విజిట్. అన్నిటికన్నా అడుగున, స్క్రోల్ చేస్తేగానీ కనపడకుండా, 'నాట్ ఇంటరెస్టెడ్'. అది నొక్కితే కారణం రాయాలి, మేనేజర్ ఒప్పుకోవాలి. ఎక్కువసార్లు నొక్కితే 'కస్టమర్‌ని కన్విన్స్ చేయడం రావట్లేదమ్మా నీకు' అన్న మాట పడాలి. తరువాతి ఫాలోఅప్ తేదీ పక్కనేమో ఎర్ర చుక్క ఉంటుంది. తేదీ వేయనిదే సేవ్ కాదు, సేవ్ కానిదే ఆ కాల్ లెక్కలోకి రాదు. 'అమ్మా, మా నాన్న పోయి మూడో రోజు. ఇప్పుడు ప్లాట్లేంటమ్మా?' అని అటునుంచి ఒకాయన పెట్టేశాడు. ఆ అమ్మాయి క్షణం ఆగింది. ఎర్ర చుక్క వంక చూసింది. రిమార్క్స్‌లో కొట్టింది: 'ఫాదర్ ఎక్స్‌పైర్డ్. పెద్దకర్మ తర్వాత కాల్ చేయాలి. వార్మ్.'

ఆమెకు మనసు లేదనకండి. మనసుకి ఆ ఫారంలో గడి లేదు.

ఇక నెలాఖరు. ఇరవై అయిదో తారీఖు దాకా ఐసుగడ్డల్లా పడి ఉన్న లీడ్లన్నీ ఇరవై ఎనిమిది నాటికి భగ్గుమంటాయి. మే నెల రెంటచింతలలో కూడా అంత వేడి ఉండదు. ఫోనే ఎత్తనివాడు 'ఫ్యామిలీతో డిస్కషన్‌లో ఉన్నారు', బ్లాక్ చేసినవాడు 'లోన్ శాంక్షన్ కోసం చూస్తున్నారు'. కొనబోయేవాళ్ల ఆ జాబితా, అదే పైప్‌లైన్, చూసి ఎండీగారు కొత్త టార్గెట్ పెడతారు. ఒకటో తారీఖు పొద్దున్నే అందరూ చల్లబడతారు.

మనుషులు ఇలా అబద్ధాలు నింపుతున్నారనే ఇప్పుడు ఏఐని దింపారు. అది మార్కులు వేస్తుంది. ధరల పేజీ తెరిస్తే ఇన్ని, బ్రోచర్ దించుకుంటే ఇన్ని. పక్క వెంచర్ సేల్స్ కుర్రాడు గజం రేటు కనిపెట్టడానికి రోజూ ఆ పేజీ తెరుస్తాడు, కొత్త బ్రోచర్ వస్తే దించుకుంటాడు. క్లాసు ఫస్టు వాడే. ఇంతలో చౌటుప్పల్ వైపు రెండెకరాలు అమ్మి, ఆ డబ్బుతో కూతురి పేర ప్లాటు తీసుకుందామని ఓ పెద్దాయన సరాసరి ఆఫీసుకొస్తాడు.

'గజం ఎంతమ్మా?'

'మీ మెయిల్ ఐడీ చెప్పండి అంకుల్.'

ఆయనకు మెయిల్ లేదు. గడి ఖాళీగా వదిలితే సాఫ్ట్‌వేర్ ఊరుకోదు. అలవాటు ప్రకారం రిసెప్షన్‌లో ఏబీసీ ఎట్ జీమెయిల్ అని కొట్టారు. మెయిల్ లేని ప్రతివాడికీ ఇచ్చే చిరునామా అదే కనుక, ఈ లీడ్ ఇదివరకే ఉంది అని తేల్చిన సాఫ్ట్‌వేర్, పెద్దాయన్ని తీసుకెళ్లి ఎప్పటిదో జంక్ లీడ్‌లో కలిపేసింది. డబ్బు సంచి ఒళ్లో పెట్టుకుని కాసేపు సోఫాలో కూర్చుని, ఇచ్చిన టీ తాగి, ఆయన ఎదురు ఆఫీసుకు వెళ్లిపోయాడు. అక్కడ ఇంకా లాంగ్ నోట్‌బుక్కే వాడుతున్నారు.

2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక పరిశీలన వచ్చింది. అమెరికాలో 2,241 కంపెనీలకు ఇంటర్నెట్‌లో ఎంక్వైరీ పంపి చూస్తే, 23 శాతం కంపెనీలు అసలు పలకనే లేదట. అడిగిన గంటలోపు పలకరించబోయినవాళ్లకే, కొనాలో వద్దో తేల్చే మనిషితో పనికొచ్చే మాట జరిగే అవకాశం ఎక్కువని కూడా అందులోనే ఉంది. అడిగినవాడికి జవాబు చెప్పండర్రా అన్నది అక్కడి మాట. మనవాళ్లు 'గంటలోపు' అన్న ముక్క ఒక్కటే కత్తిరించి గోడకు అంటించుకున్నారు. అందుకే మీరు సబ్మిట్ నొక్కిన గంటలో కంపెనీవాళ్లు, వాళ్ల ఛానెల్ పార్ట్‌నర్లు, ఆ పార్ట్‌నర్ల బావమరుదులు అందరూ మోగిస్తారు.

చట్టాలు లేక కాదు. అక్కర్లేని కాల్స్ మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో నిబంధనలు తెచ్చింది, ఫిర్యాదుకు 1909 నంబరు ఉంది. చేసి చూడండి, 'ఫారం మీరే నింపారు కద సార్' అంటారు. రియల్ ఎస్టేట్ మీద 2016లో వచ్చిన రెరా చట్టం మూడో సెక్షన్ ప్రకారం, ఆ చట్టం కిందికొచ్చే ప్రాజెక్టును రిజిస్టర్ చేయించకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు, బుకింగ్ సంగతి సరేసరి. అయినా క్యాంపెయిన్ గడిలో, రిజిస్ట్రేషన్ కాకముందే అమ్మే 'ప్రీలాంచ్ ఆఫర్' దర్జాగా ఉంటుంది. దానికి మాత్రం మేనేజర్ ఒప్పుకోలు అక్కర్లేదు.

ఈమధ్య ఇలాంటి ఆఫీసు యజమాని ఒకాయన అమ్మకాలు పడిపోయాయని సాఫ్ట్‌వేర్ మార్చేద్దామనుకున్నాడు. ఓ కొత్త కంపెనీ డెమో చూశాడు, ధర విని జడిసి వద్దన్నాడు. ఇప్పుడు ఆయనకు రోజూ బెంగళూరు నుంచి ఫోన్. మీటింగ్‌లో ఉన్నానంటే గంటాగి, ఊళ్లో లేనంటే మర్నాడు. చివరికి మొన్న తన క్యాబిన్‌లో, తన టెలీకాలర్లందరికీ వినపడేలా అరిచాడు: 'వద్దన్నానా లేదా? తెలుగు అర్థం కాదా మీకు? ఇంకోసారి చేస్తే పోలీస్ కంప్లైంట్ ఇస్తా!'

అటువైపు అమ్మాయికి తెలుగు బాగానే అర్థమైంది. 'ఓనర్‌తోనే మాట్లాడాను. కాల్ ఎత్తుతున్నారు. హాట్.'