సెలవిచ్చిన ఏరు సిలబస్‌లో లేదు

బెజవాడలో వానాకాలం మొదలైందని వాతావరణ శాఖ చెప్పక్కర్లేదు. ‘డియర్ పేరెంట్’ అంటూ బడి నుంచి ఫోనుకు సందేశం వస్తే మొదలైనట్టే. ఆ సందేశానికి ఓ ముహూర్తం ఉంది. ముందురోజు రాత్రే వస్తే తల్లి ఇంకో గంట నిద్రపోతుంది కాబట్టి రాకూడదు. పులిహోర బాక్సులో సర్ది, షూ లేసులు కట్టి, బస్సెక్కించి చెయ్యూపాక రావాలి. ‘కలెక్టర్ గారి ఆదేశాల మేరకు ఈరోజు సెలవు. మీ సహకారానికి ధన్యవాదాలు.’ పిల్లవాడు ఆటోనగర్ దగ్గర బస్సులో ఉంటాడు, సెలవు మాత్రం ఇంటికి చేరుతుంది.

2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాను చీల్చి ఎన్టీఆర్ జిల్లా చేశాక మేఘాలకు కూడా పరిపాలనా క్రమశిక్షణ అలవడింది. పటమటలో కురిసిన వాన ఎన్టీఆర్ జిల్లా ఖాతాకు, పక్కనే కానూరులో కురిసింది కృష్ణా జిల్లా ఖాతాకు, వంతెన దాటి ఉండవల్లిలో కురిసింది గుంటూరు ఖాతాకు జమ. కానూరులో ఇల్లు, పటమటలో బడి ఉన్న పిల్లవాడు తన సెలవు కోసం ఏ కలెక్టరు వైపు చూడాలో తేల్చుకునేలోపు గొడుగు తిరగబడుతుంది.

సెలవు ఉత్తర్వులో ‘ప్రభుత్వ, ప్రైవేటు విద్యాసంస్థలన్నింటికీ’ అని ఉంటుంది. ‘ఉల్లంఘిస్తే కఠిన చర్యలు తప్పవు’ అని కూడా ఉంటుంది. ఆ రెండో వాక్యం చదివి భయపడే బడులూ ఉన్నాయి. కొన్ని మాత్రం అంత తేలిగ్గా భయపడవు. ‘యూనిఫాం వద్దు, రంగుబట్టల్లో పంపండి, వెనక గేటు తెరిచి ఉంటుంది’ అని వాట్సాప్‌లో ఇంకో ముక్క పడేస్తాయి. అది బడి కాదట, స్టడీ అవరట. ఇక పదో తరగతి పిల్లలకు సెలవు అసలు వర్తించదు. తొమ్మిది దాటగానే పిల్లలు వానకు తడవరని ఏ ల్యాబులోనో నిరూపించి ఉంటారు.

అయినా పోయిన రోజు ఎక్కడికీ పోదు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలంది. యాజమాన్యాలకు ఆ అంకె నోటికి వచ్చు. వాన మింగిన రోజును రెండో శనివారం కక్కిస్తారు. అదే చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీనవర్గాల పిల్లలకు ఇవ్వమని కూడా అంది. ఆ పేజీ మాత్రం ఎందుకో వానకు తడిసి ముద్దయినట్టుంది, చాలామందికి కనబడదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. 2024 ఆగస్టు 31న గుంటూరు జిల్లా పెదకాకాని మండలం ఉప్పలపాడు దగ్గర, జోరువానలో పిల్లల్ని కారులో ఇళ్లకు దింపడానికి బడి నుంచి బయలుదేరిన ఉపాధ్యాయుడూ, ఇద్దరు విద్యార్థులూ వాగులో కొట్టుకుపోయి చనిపోయారు. బడికి వచ్చేసిన పిల్లల్ని వాగులు పొంగాక తిరిగి ఇంటికి పంపడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆ మర్నాడే బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మీద పడింది.

ఇక సందేశాల్లో రెండో రకం: ఫీల్డ్ ట్రిప్. దానికి సెలవు సందేశంలా ఆలస్యం ఉండదు, డబ్బు కట్టాల్సిన ఆఖరు తేదీకి నెల ముందే వచ్చేస్తుంది. ‘ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్’ అని పైన, ‘ఒకసారి కట్టిన డబ్బు తిరిగి ఇవ్వబడదు’ అని కింద ఉంటుంది. ‘మార్గమధ్యంలో ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు’ అన్న కాగితం మీద తండ్రి సంతకం. ఇంతకీ ఎక్కడికి? హైదరాబాద్ ఫిల్మ్ సిటీకి. కొండపల్లి ఖిల్లా కూతవేటు దూరంలో ఉన్న పిల్లల్ని రాత్రంతా బస్సులో కుదేసి తీసుకెళ్లి, ముందు గోడ తప్ప వెనక ఏమీ లేని కోటలు చూపించి, మళ్లీ రాత్రంతా కుదేసి తీసుకొస్తారు. చిన్న తరగతులైతే వాటర్ పార్కు. కృష్ణ ఒడ్డు పిల్లలకు క్లోరిన్ నీళ్లలో మోటారుతో పుట్టించిన అలల పరిచయం. వచ్చే ఏడాది అడ్మిషన్ల కరపత్రంలో ఆ తడిసిన మొహాలే నవ్వుతుంటాయి.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర గడపమంది. తెల్లపొణికి కర్రను చెక్కి బొమ్మ చేసే వీధి కొండపల్లిలో ఉంది. సంచీ లేని రోజును మన బడులు సంచీ అక్కర్లేని వర్క్‌షీటుగా మార్చేశాయి. కర్ర వాసన అందులో రాదు గానీ, మార్కులు వేయడానికి వీలు.

ఈ రెండు సందేశాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ నీళ్ల వల్ల బడి మూశారో ఆ నీళ్ల గురించి బళ్లో ఒక్క ముక్క చెప్పరు. యాత్ర పేరుతో ఆ నీళ్లకు వీలైనంత దూరం తీసుకెళ్తారు. 2024 సెప్టెంబరులో వారంపాటు వరదనీటిలో ఉన్న పిల్లవాడికి, మేడ మీదికి హెలికాప్టర్ నుంచి పొట్లాలు పడటం చూసిన పిల్లవాడికి, ఆ నీళ్లు ఎక్కడివని అడిగే పీరియడ్ టైంటేబుల్‌లో లేదు.

అరపూట యాత్ర ఒకటి నేను వేసి ఇస్తాను. మొదట వెలగలేరు. మైలవరం వైపు కొండల నుంచి దిగిన బుడమేరు అక్కడి రెగ్యులేటర్ దగ్గర మలుపు తీసుకుంటుంది. వరదను డైవర్షన్ ఛానల్‌లోకి మళ్లించి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలపాలని ఏర్పాటు. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్లు లోపలికి పోవు, వెనక్కి ఎగదన్నుతాయి. 2024లో అదే జరిగి, కట్టకు మూడు గండ్లు పడి, ఏరు తన పాత దారి వెతుక్కుంటూ వచ్చింది. ఆ పాత దారిలో మనం కాలనీలు కట్టుకున్నాం. తర్వాత ప్రకాశం బ్యారేజీ. సెప్టెంబరు 2న 70 గేట్లూ ఎత్తితే 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయాయి. క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. గుణించండ్రా అంటే సెకనుకు 3.2 కోట్ల లీటర్లని ఏడో తరగతి పిల్లలు అక్కడే చెబుతారు. ఆ లెక్కను జన్మలో మరిచిపోరు. ఓపిక ఉంటే కొల్లేరు దాకా. బుడమేరు చేరాల్సిన చోటు అదే. 2002లో రాంసర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన సరస్సులో చేపల చెరువుల గట్లు ఎవరు వేశారు, 2006లో ఎందుకు కొట్టేశారు, మళ్లీ ఎలా లేచాయి అని పిల్లలు అడుగుతారు. అడిగితే జవాబు చెప్పాలి. బహుశా బడుల భయం నీళ్లంటే కాదేమో.

పైకి చెప్పే భయం మాత్రం నీళ్లే. ‘అమ్మో, పిల్లల్ని ఏటి దగ్గరికా?’ అంటారు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ మునిగి 22 మంది చనిపోయిన ఊరు ఇది, భయం ఊరికే రాలేదు. కానీ రెగ్యులేటర్నీ బ్యారేజీనీ చూడటానికి పడవ ఎక్కనక్కర్లేదు, ఎండాకాలం ముందు గట్టు మీద నిలబడితే చాలు. అయినా పిల్లల్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లబోమని మీరు ఒట్టేసుకుంటే ఏం లాభం? 2024లో నీళ్లే పిల్లల దగ్గరికి వచ్చాయి.

‘ఎంట్రన్సుల్లో రాదు కదండీ’ అని ఆఖరి అస్త్రం. సరే, వచ్చేలా నేనే ఒక బిట్టు ఇస్తున్నాను. బుడమేరు ఎక్కడ కలుస్తుంది? ఎ) కొల్లేరులో, బి) కృష్ణలో, సి) సింగ్‌నగర్‌లో, డి) పైవన్నీ. సరైన జవాబు డి. దీన్ని నేర్పడానికి ఐఐటీ ఫౌండేషన్ అక్కర్లేదు. ఒక బస్సు, ఒక అరపూట, గట్టు మీద నిలబడి ఉన్నదున్నట్టు చెప్పే మాస్టారు ఒకరు ఉంటే చాలు. బస్సు బడికి ఉంది. మాస్టారూ ఉన్నారు. అరపూటే దొరకడం లేదు, రెండో శనివారం కూడా ఆయనకు కాంపెన్సేటరీ క్లాసు వేశారు.