ఖల్వాట విజయం

కావ్యమన్నాక ఇష్టదేవతా స్తుతి తప్పదు. కనుక ముందుగా, వరమిచ్చి బదులుగా తలనీలాలు పుచ్చుకునే ఏడుకొండలవాడికి నమస్కారం. పిమ్మట పూర్వకవి స్తుతి. ఎండకు తాళలేక మారేడు చెట్టు కిందికి చేరిన బట్టతలవాడి నెత్తిన కాయ పడేసి, అదంతా వాడి ఖర్మ అని తేల్చేసిన భర్తృహరికి దూరం నుంచే ఒక దండం. ఆనాడు వీధి చివర విగ్గుల కొట్టు ఉండి ఉంటే నీతిశతకంలో ఒక శ్లోకం తగ్గేది.

ఇక వంశవర్ణన. విగ్గులది సాక్షాత్తూ సూర్యవంశం. ఫ్రాన్సును ఏలిన 13వ లూయీ జుట్టు పల్చబడి విగ్గు ధరించాడు. సూర్యరాజని బిరుదున్న ఆయన కొడుకు 14వ లూయీ కాలానికి విగ్గు లేనివాడు పెద్దమనిషే కాదన్నంత వైభవం వచ్చింది. 1795లో ఇంగ్లండు ప్రభుత్వం జుట్టుకు పూసే పౌడరు మీద ఏడాదికి ఒక గినీ పన్ను వేసేసరికి అక్కడ ఆ వంశం కళ తప్పింది. ఇప్పుడు గుర్రపు వెంట్రుకల రూపంలో కొన్ని కోర్టుల్లో మాత్రం వాదిస్తోంది.

మన కథానాయకుడు మా బాబాయి. ధీరోదాత్తుడు, ఖల్వాటమండల మార్తాండుడు. ఆయన నుదురు ఎక్కడ ముగిసి నడినెత్తి ఎక్కడ మొదలవుతుందో సర్వేయరు గొలుసు పట్టుకొచ్చినా తేల్చలేడు. కూతురి నిశ్చితార్థం నాడు వీడియో కుర్రాడు, "అంకుల్, లైటు కొడుతోంది, తల కాస్త అటు తిప్పుతారా?" అన్నాడు. నిండు సభలో ఆ మాట! ద్రౌపది జుట్టు విరబోసుకుని శపథం చేసింది. బాబాయికి ఆ సదుపాయం లేక ఉత్త తలతోనే శపథం చేశాడు.

పిన్ని మహామంత్రిగా, నేను సారథిగా దండు కదిలి అమీర్‌పేటలో ఒక మేడ మూడో అంతస్తుకు చేరింది. లిఫ్టు పనిచేయడం లేదు గనుక దీన్ని స్వర్గారోహణ పర్వంగా గ్రహించాలి. లోపల అలమరాల నిండా కళ్లులేని థర్మోకోల్ తలలు, ఒక్కొక్క తల మీద ఒక్కొక్క యౌవనం.

ముందుగా సింథటిక్ యోధుడు ఎదురొచ్చాడు. ధర తక్కువ, దువ్విన పాపిడి చెదరదు. కానీ అగ్నిహోత్రుడంటే హడలు, వేడి తగిలితే పోగులు ముడుచుకుపోతాయి. హోమగుండం ముందు కూర్చోవలసిన పిల్ల తండ్రికి పనికిరాడని పక్కన పెట్టాం. అసలు జుట్టు విగ్గు తీసి, "తిరుపతి హెయిర్ సార్" అన్నాడు కొట్టు కుర్రాడు. బాబాయి చేతులు అసంకల్పితంగా జోడించుకున్నాయి. కొండమీద భక్తులిచ్చిన నీలాలను దేవస్థానం పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలం వేస్తుంది. అన్నిటికన్నా పొడవైనవి పట్టపురాణులు, అయిదంగుళాల లోపువి కాల్బలం. ఎవరి మొక్కో ఎవరికో కిరీటం.

ఆపైన పీఠనిర్ణయం. నుదుటి దగ్గర కలిసిపోయేది లేసు, కానీ సుకుమారి, లాగితే చిరుగుతుంది. గట్టిగా నిలబడేది మోనో. చర్మంలా అంటుకుని చెమటను బంధించేది స్కిన్. ముందు లేసు, వెనక మోనో అని సంధి కుదిరింది. కుర్రాడు బాబాయి నెత్తిమీద పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి, దానిపై వరసగా టేపు అతికించి, బట్టతల ఎల్లలు మార్కరుతో గీశాడు. ఊడదీస్తే చిన్న గిన్నెలాంటి అచ్చు వచ్చింది. ఇన్నేళ్లుగా పోగొట్టుకున్న రాజ్యం పటం చేతిలో పెట్టినట్టయింది బాబాయికి.

అప్పుడు మొదలైంది అసలు సంగ్రామం. రంగుల గుత్తిలోంచి బాబాయి 1 నంబరు లాగాడు. కాటుక కొండ రంగు, పైగా ఒత్తుగా కావాలన్నాడు. కుర్రాడు నెమ్మదిగా, "ఇది పెట్టుకుంటే ముందు విగ్గు కనపడుద్ది, తర్వాత మీరు కనపడతారు సార్. 1బి తీసుకోండి. అందులో పదోవంతు తెల్లవి కలుపుదాం. ఒత్తు తగ్గిద్దాం. నుదురు పైన కొంచెం ఖాళీ వదిలేద్దాం" అన్నాడు.

"డబ్బిచ్చి తెల్లవెంట్రుకలు కొనుక్కోవాలా? బట్టతలకు కూడా బట్టతల పెట్టిస్తావా?" బాబాయి గర్జనకు రెండు థర్మోకోల్ తలలు అదిరాయి.

అంతట పిన్ని గీతోపదేశం చేసింది. "ఏమండీ, మీరు పెళ్లికొడుకు కాదు. పెళ్లికూతురి నాన్న."

అర్జునుడికి పద్దెనిమిది అధ్యాయాలు పట్టింది. బాబాయికి ఆ ముక్క చాలింది.

పెళ్లికి రెండు రోజుల ముందు క్షౌరపర్వం. నెత్తిని స్పిరిటుతో తుడిచి, రెండువైపులా అంటుకునే టేపు మీద విగ్గు నిలిపి, సొంత జుట్టులో అది కలిసిపోయేలా పళ్లకత్తెరతో కత్తిరించాలి. "కదలకండి సార్. ఇది పొట్టయిందంటే మళ్లీ మొలవదు" అన్నాడు కుర్రాడు. బాబాయి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కత్తెర చెవి పక్కన తిరిగినంతసేపూ పిన్ని కూడా మంగళసూత్రం పట్టుకునే నిలబడింది.

వైశాఖమాసం. కల్యాణమండపంలో వాయుదేవుడు పెడస్టల్ ఫ్యాన్ రూపంలో పొంచి ఉన్నాడు. వరుణుడు చెమటై కణతల దగ్గర టేపును నానబెట్టాడు. అన్నిటినీ మించి అక్షింతలు! మగపెళ్లివారి వైపు నుంచి గుప్పెళ్లతో వచ్చిన గింజల్లో ఒకటి నుదుటిపైన జాలీలో ఇరుక్కుంది. చిన్నత్తయ్య తీయబోయి చెయ్యి చాచింది. పిన్ని మెరుపులా అడ్డం వచ్చి, "శుభం, ఉండనీ వదినా" అంది.

విజయం సిద్ధించింది. అయితే విజేత ముఖంలో సంతోషం లేదు. భోజనాల దగ్గర నన్ను పక్కకు పిలిచి, "అంత ఖర్చు పెట్టాం, ఒక్కరైనా బాగుందనలేదేంరా?" అన్నాడు. లోకంలో వీరులంతా పొగడ్త కోసం పోరాడతారు. పొగడ్త వినబడిందా ఓడిపోయే వీరుడు విగ్గొక్కడే. ఆ లెక్కన దాని మీద కావ్యం రాసిన నేను శత్రుపక్షం. ఆ పాపభయంతోనే కృతిభర్త పేరు, పెళ్లి తేదీ, మండపం చిరునామా వేయలేదు.

ఫలశ్రుతి: ఈ కథ విన్నవారికి తెల్లవెంట్రుకల మీద గౌరవం, చదివినవారికి భార్య మాట మీద గురి కలుగుతాయి. కిందటేడు వైశాఖంలో పెళ్లిళ్లకు వెళ్లినవారు మాత్రం దయచేసి ఆల్బంలు తిరగేయకండి.