వ్యాసుడు నడిచొచ్చాడు, మేం ఆగిపోయాం

ఉత్తరాదిలో పుష్యమాసంలో రైలు ఎంత లేటో ఒక్కసారిగా చెప్పరు. గుండెజబ్బు మనిషికి చావుకబురు చెప్పినట్టు విడతలు విడతలుగా చెబుతారు. ముందు నలభై నిమిషాలంటారు. నలభై నిమిషాలేగా అని టీ తాగుతాం. టీ అయ్యేసరికి గంటన్నర. గంటన్నరకి గది తీసుకోవడం దండగని ప్లాట్‌ఫారం మీదే చుట్టూ సామాన్లు పేర్చుకుని కూర్చుంటాం. నాలుగు గంటలని తేలేసరికి రిటైరింగ్ రూములన్నీ నిండిపోయి ఉంటాయి. రాత్రంతా లేటని మొదట్లోనే ఒక్క ముక్క చెప్పేస్తే మనిషన్నవాడు వెళ్ళి ముసుగుతన్ని పడుకుంటాడు. అబ్బే. పైగా ప్రతి విడత చివరా మైకులో ఆ అమ్మాయి "అసువిధా కే లియే ఖేద్ హై" అంటుంది. మా అత్తయ్యగారికి హిందీ రాదు. అన్నిసార్లూ ఓపిగ్గా విని, "పాపం, ఎవర్నో ఖైదు చేశారంటోంది. ఎవర్ని బాబూ?" అని అడిగారు.

"మనల్నేనండీ" అన్నాను.

ఇది మొగల్‌సరాయ్‌లో. 2018లో దానికి పండిట్ దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పేరు మార్చారు కాబట్టి టికెట్టు మీద మొగల్‌సరాయ్ కనబడదు. ఆ రాత్రి స్టేషన్ బోర్డూ కనబడలేదు. కాశీయాత్ర ముగించుకుని, గంగ దాటొచ్చి, బీహారు వైపు నుంచి వచ్చి విజయవాడ మీదుగా పోయే రైలు కోసం కూర్చున్నాం. అత్తయ్యగారు, మా ఆవిడ, మా బావమరిది, నేను, సీలు వేసిన గంగాజలం చెంబులు. జనవరిలో కూడా పంకా కింద పడుకునే కృష్ణా, గోదావరి మనుషులం. మా స్వెట్టర్లు ఫొటోల కోసం కొన్నవి. ఆ చలి వాటిని చూసి నవ్వింది.

పక్కన ఒక పెద్దాయన తల మీంచి మోకాళ్ళదాకా దుప్పటి కప్పుకుని మట్టి ముంతలో టీ ఊదుకుంటున్నాడు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడట. నాకొచ్చిన హిందీకి ఆయన జాలి కలిపి నాకు చాలా సంగతులు బోధపరిచాడు. ఆకాశంలో మబ్బు లేకుండా, గాలి కదలకుండా ఉన్న రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేసి చల్లబడుతుంది. నదుల తేమ, తడిపిన గోధుమ చేల తేమ ఆ చల్లదనానికి నేలబారునే గడ్డకట్టినట్టు నిలిచిపోతుంది. పైన వెచ్చటి గాలి మూతేస్తుంది. దానికి పొగ తోడయితే సరేసరి. అంటే కవులు ఏ రాత్రిని నిర్మలమని మెచ్చుకుంటారో అదే రైళ్ళకి గండం. వాతావరణ శాఖ లెక్కలో వెయ్యి మీటర్ల లోపే చూపు ఆనితే పొగమంచు, యాభై మీటర్ల లోపయితే అతి దట్టమైన పొగమంచు. నాకు మా నాలుగో సూట్‌కేసు కనబడటం లేదు. దాన్ని ఏ శాఖ కింద వెయ్యాలో ఆయనకీ తెలియలేదు.

స్టేషన్ మాస్టర్‌కి మంచు పడిందని ఎలా తెలుస్తుందనుకున్నారు? ఆయన గది నుంచి సుమారు 180 మీటర్ల దూరంలో ఒక వస్తువుని గుర్తుగా పెట్టుకుంటారు. మామూలుగా అది సిగ్నలే. అది కనబడకపోతే మంచు పడినట్టు. అప్పుడు మనుషుల్ని పంపి, సిగ్నల్‌కి 270 మీటర్ల ముందు పట్టాల మీద చిన్న టపాసులు కట్టిస్తారు. ఇంజను చక్రం ఎక్కగానే అవి ఫట్‌మంటాయి. 'అబ్బాయ్, ముందు సిగ్నల్ ఉంది, చూసుకో' అని డ్రైవర్‌కి అర్థం. దూరంగా ఎక్కడో ఫట్, ఫట్‌మని వినిపించినప్పుడల్లా అత్తయ్యగారు ఉలిక్కిపడి, "వీళ్ళకి దీపావళి ఇప్పుడా?" అన్నారు. ఇప్పుడు ఇంజన్లలో జీపీఎస్‌తో నడిచే యంత్రం కూడా పెట్టారట. రాబోయే సిగ్నల్‌ని అది ముందే చెబుతుంది కాబట్టి, మంచులో అరవై కిలోమీటర్లకి మించకూడదన్న వేగాన్ని డెబ్భై అయిదు దాకా పెంచారు.

"మరి డెబ్భై అయిదుతో వస్తే ఇంత లేటెందుకండీ?" అన్నాను.

పెద్దాయన ముంత కింద పెట్టి నావైపు తిరిగాడు. మొన్న ఇటు వచ్చిన పెట్టెలే ఇవాళ అటు వెళ్ళాలి. అవి లేటుగా చేరాయి. చేరాక కడగాలి, తనిఖీ చెయ్యాలి, అప్పుడు బయలుదేరాలి. అంటే మా లేటు అసలు కాదు, మొన్నటి లేటు మీద వడ్డీ.

మా బావమరిది ఇవేమీ వినకుండా ఫోన్లో రూల్సు చదువుతున్నాడు. రైలు మూడు గంటలకు మించి లేటయితే టికెట్టు డబ్బులు పూర్తిగా వాపసు ఇస్తారని కనిపెట్టి గంతేశాడు. నిజమే. కాకపోతే రైలు ఎక్కకూడదు. అది బయలుదేరకముందే అర్జీ పెట్టుకోవాలి. డబ్బు చేతికొస్తుంది, మనం మొగల్‌సరాయ్‌లో ఉంటాం. విమానంలో పోదామన్నాడు. రైలు పట్టాలు కూడా కనబడని రాత్రి విమానం మాత్రం దేన్ని చూసుకుని ఎగురుతుందని మా ఆవిడ అడిగింది. అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అసలు కష్టం ఆకలితో మొదలైంది. కాశీ వెళ్ళినవాళ్ళు ఒక కాయ, ఒక పండు వదిలేసి రావాలని మనవాళ్ళ ఆచారం. ఇష్టమైనవి వదలాలి. మా బావమరిది కాకరకాయ, డ్రాగన్ ఫ్రూట్ వదిలాడు. మా ఆవిడ పొట్లకాయ వదిలింది. నేనేం వదిలానో ఇక్కడ అప్రస్తుతం. నిజాయితీగా వదిలింది అత్తయ్యగారొక్కరే. ప్రాణమైన బంగాళాదుంప, ప్రాణమైన జామపండు.

ఉత్తరాది ప్లాట్‌ఫారం మీద బంగాళాదుంప లేకుండా తినడానికి ఏముంటుందో ఆ రాత్రి వెతికాం. పూరీ, ఆలూ కూర. సమోసా, లోపల ఆలూ. బ్రెడ్ పకోడా, రొట్టెకీ రొట్టెకీ మధ్య దాక్కుని ఆలూ. పరాఠా సంగతి అడగనక్కర్లేదు. చిప్స్ పొట్లం చూసి మా బావమరిది "అమ్మా, ఇది బంగాళాదుంపని గుర్తుపట్టలేం, తినేయ్" అన్నాడు. ఆవిడ చూసిన చూపుకి పొట్లం తనే తినేశాడు. లిట్టీలో సత్తు పిండి ఉంటుంది, దుంప ఉండదు కదా అని సంతోషంగా తెచ్చాను. వాసన చూసి, "వెల్లుల్లి" అని పక్కన పెట్టారు. యాత్రలో ఆవిడ ఉల్లీ వెల్లుల్లీ ముట్టరు. పోనీ పండ్లయినా తెద్దామంటే, అది అలహాబాదు జామ దిగే కాలం. తొక్క ఎర్రగా, కోసిన ముక్క మీద నల్లుప్పు జల్లి, గంపవాడు సరిగ్గా ఆవిడ ముందే దించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని విశ్వనాథాష్టకం అందుకున్నారు. చివరికి బిస్కెట్లూ వేడిపాలతో రాత్రి గడిచింది.

అష్టకమయ్యాక ఓ కథ చెప్పారు. అత్తవారిది ద్రాక్షారామం పక్క ఊరు. శ్రీనాథుడి భీమేశ్వర పురాణం వాళ్ళకి ఇంటి కథ కింద లెక్క. వ్యాసుడికి కూడా కాశీలో భిక్ష దొరకలేదు. ఆకలి మంటలో కాశీనే శపించబోయాడు. అమ్మవారు పిలిచి అన్నం పెట్టింది కానీ, అయ్యవారు ఊళ్ళోంచి పొమ్మన్నాడు. పొమ్మంటే శిష్యుల్ని వెంటేసుకుని ద్రాక్షారామం వచ్చేశాడు. "ఆయనకి రైలు లేదు, అందుకే వేళకి చేరాడు" అన్నారు అత్తయ్యగారు. ఆ లెక్కన ఏనుగుల వీరాస్వామయ్య కూడా అదృష్టవంతుడే. 1830లో మద్రాసులో పల్లకీ ఎక్కి, కాశీ చూసుకుని, 1831లో ఇల్లు చేరాడు. బోయీలు ఎప్పుడైనా ఆలస్యం చేశారేమోగానీ మైకులో చెప్పలేదు.

తెల్లవారుజామున నాకు పళ్ళు టకటకలాడి, "చలికి చచ్చిపోయేలా ఉన్నాను" అన్నాను. అత్తయ్యగారు గాభరాగా నా నోరు మూయించారు. "ఆ మాట ఇక్కడ అనకండి బాబూ! గంగకి ఇవతలి ఒడ్డున పోతే మోక్షం రాదట, గాడిద జన్మట. పడవవాడు చెప్పాడు." మరి కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చెయ్యాలన్న నియమంలో మొగల్‌సరాయ్ రాత్రి కలుస్తుందా అని ఆవిడకే సందేహం వచ్చింది. అప్పటికప్పుడు ఊళ్ళో పురోహితుడికి ఫోను. వరణకీ అసికీ మధ్యదే కాశీ అనీ, ఒడ్డు దాటితే కలవదనీ, పైగా అసలు నిద్రే పోనప్పుడు ఏ లెక్కలోకీ రాదనీ ఆయన నిద్రమత్తులోనే తీర్పిచ్చాడు.

రైలు మర్నాడు పొద్దెక్కాక వచ్చింది. ఒకసారి వేళ తప్పిన రైలు, వేళకి వచ్చే ప్రతి రైలుకీ దారిచ్చి పక్కన నిలబడాల్సిందే కనక దారిలో లేటు ఇంకా పెరిగింది. జబల్‌పూర్ దాటాక ఎండ కనబడింది. నాగపూర్‌లో అత్తయ్యగారు కమలాపండ్లు చూసి, ఇవి వదల్లేదు కదా అని రెండుసార్లు అడిగి మరీ తిన్నారు. విజయవాడలో మేం ఎక్కాల్సిన సామర్లకోట బండి ఎప్పుడో వెళ్ళిపోయింది.

చలికాలంలో కాశీ ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకి మనవి. తిరుగు టికెట్టుకి పైన రెండు రోజుల సెలవు ముందే అడిగి ఉంచుకోండి. కందిపొడి, నెయ్యి, అటుకులు దగ్గరుంచుకోండి. వదలడానికి బీరకాయ చాలు. వెళ్ళొద్దని మాత్రం చెప్పను. కాశీ సందుల్లో పొద్దున్నే మట్టి ముంతలో కుంకుమపువ్వు పాలనురుగు పోసిస్తారు, మలైయ్యో అంటారు. నోట్లో పెట్టగానే ఉందా లేదా అనిపిస్తుంది. రాత్రంతా మంచులో పెట్టిన పాలతో చేస్తారు కాబట్టి అది చలికాలంలో తప్ప దొరకదు.