కంపల్సరీ వస్తా లేన్నా!

హిందూపురంలో ఎవరినైనా పెళ్లికి పిలిస్తే ముందొచ్చే జవాబు ఇదే: "కంపల్సరీ వస్తా లేన్నా!" అనుభవమున్న పెళ్లిపెద్ద ఈ మాట వినగానే భోజనాల లెక్కలోంచి ఒక ఆకు తీసేస్తాడు. నిజంగా వచ్చేవాడు "చూద్దాంలేప్పా, ఆ పొద్దు పనుంది" అని గొణుగుతాడు. ముందురోజు సాయంత్రానికే దిగిపోయి వంటవాళ్ల మీద పెత్తనం చేస్తుంటాడు.

సర్కారు వారి "తప్పనిసరి" కూడా ఈ బాపతే. దస్త్రాల్లో అది "విధిగా", 2009 నాటి విద్యాహక్కు చట్టంలో "నిర్బంధ". (ఆ నిర్బంధం ప్రభుత్వానికని 8వ సెక్షన్ వివరణ చెబుతుంది. బడికెళ్లే పిల్లలకు మాత్రం తమకేననిపిస్తుంది.) సరిహద్దు దాటి కర్ణాటకలో అడుగుపెడితే అదే "కడ్డాయ". రోజూ బెంగళూరు రైలెక్కే హిందూపురం వాళ్లకు రెండు భాషల్లోనూ తప్పించుకునే సౌకర్యం ఉంది.

హెల్మెట్‌నే తీసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ దాన్ని విధిగా పెట్టుకోమంది. 2019 సవరణ జరిమానాను వెయ్యి రూపాయలు చేసింది. దాంతో హెల్మెట్లు కొన్నారు, మోచేతికి తగిలించుకున్నారు. సందు మలుపులో ఖాకీ చొక్కా కనబడితే అది తలకెక్కుతుంది, దాటగానే దిగుతుంది. చట్టం పుణ్యమా అని ఈ ఊళ్లో మోచేతులు మాత్రం భద్రం.

పెనుకొండ కథ ఇంకో రకం. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు రాజధానిని అక్కడికే తెచ్చుకున్నారు. వాళ్లకది నిజంగానే తప్పలేదు. ఇప్పుడక్కడ కియా కార్లు తయారవుతున్నాయి. కార్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామని 2022 జనవరిలో కేంద్రం ముసాయిదా వదిలింది. అక్టోబరు గడువు పెట్టింది. అది రాకముందే దాన్ని 2023 అక్టోబరుకు జరిపింది. ఆ గడువూ ముంచుకొచ్చేసరికి, తప్పనిసరి చేయబోమని కేంద్ర రవాణా మంత్రి గడ్కరీ గారే తేల్చేశారు. ఈలోపు, 2022 ఫిబ్రవరిలోనే, పెనుకొండ నుంచి బయటికొచ్చిన కారెన్స్ బండి అన్ని రకాల్లోనూ ఆరు బ్యాగులతో వచ్చింది. చట్టం చేయించలేనిది పోటీ చేయించింది.

ధర్మవరం వెళ్తే నవ్వు కొంచెం తగ్గుతుంది. చేనేతకు కొన్ని రకాలు కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. మొదట 22 రకాలు, తర్వాత 11కు కుదించారు. అంచు, కొంగు ఉన్న పట్టుచీర మగ్గం మీదే నేయాలి, మరమగ్గం ముట్టుకోకూడదు. మరమగ్గాల వాళ్లు కోర్టుకెళ్లారు. 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. కాగితం మీద ఇంత గట్టి తప్పనిసరి దొరకడం కష్టం. కానీ గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని రోజుల తరబడి నేసినవాడు తలెత్తి చూస్తే, అదే రంగు, అదే అంచు మరమగ్గం చీర సగం ధరకే అంగట్లో వేలాడుతోంది. ఈ చట్టం అమలు చేయండని చేనేత సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ ముద్రేమో వ్యాపారి ఇష్టం, వేసుకుంటే వేసుకోవచ్చు.

అయితే ఆ చీర కొనడం మాత్రం ఏ చట్టంలోనూ లేదు. పెళ్లికూతురికి ధర్మవరం పట్టు పెట్టకపోతే ఏ సెక్షన్ కింద కేసు పెడతారో ఎవరూ చెప్పలేరు. అయినా అప్పు చేసైనా పెడతారు. ఆడపడుచు లాంఛనమూ అంతే, "మీ ఇష్టం, మేమేం అడగం" అనే మాటతో మొదలవుతుంది. ఆ ఇష్టం ఖరీదు ఆడపిల్ల తండ్రికి తెలుసు. 1961 నుంచి కట్నం నేరం కాబట్టి దాన్నెవరూ తప్పనిసరి అనరు, "మా సంతోషం కొద్దీ" అంటారు.

చట్టప్రకారం తప్పనిసరైంది వేరే ఉంది, పెళ్లి నమోదు. ఆంధ్రప్రదేశ్‌లో అందుకు 2002లోనే చట్టం చేశారు. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటికీ అదే చెప్పింది. కొత్త జంటకు అది గుర్తొచ్చేది వీసా కావాల్సి వచ్చినప్పుడే. అప్పుడు పెళ్లిపత్రిక కోసం బీరువా తిరగేస్తారు. ఐదువందల మంది తిని వెళ్లిన పెళ్లికి, పనిదినాన వచ్చి సాక్షి సంతకం పెట్టే మనిషి కోసం ఊరంతా ఫోన్లు చేస్తారు.