లాటిన్ రాని లాటిన్ పండితులు

ఇంగ్లీషులో ఒక రకం పండితులున్నారు. ఎవరైనా 'ఆక్టోపసెస్' అంటే చాలు, పాలల్లో ఈగ పడ్డట్టు మొహం పెట్టి, "ఆక్టోపై అనాలండీ, లాటిన్ మాట కదా!" అని దిద్దుతారు. ఆ మాట పుట్టిల్లు గ్రీకు. లాటిన్ దానికి దారిలో దిగిన సత్రం. పుట్టింటి పద్ధతే కావాలంటే 'ఆక్టోపొడీస్' అనాలి, ఆ మాట వీరి నోరు తిరగదు. ఫౌలర్ పేరున వచ్చే వాడుక నిఘంటువు 'ఆక్టోపై' పొరపాటు అవగాహన నుంచి పుట్టిందని ఎప్పుడో తేల్చింది. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు మాత్రం దానికీ చోటిచ్చింది, జనం వాడుతున్నారు గనక. వీరు దిద్దిన దిద్దుబాటు కూడా చివరికి ఆ జనం దయవల్లే బతికింది!

మన విశ్వవిద్యాలయాల్లోనూ గొంతు సవరించుకుని 'సిలబై' అనే పెద్దలకు కొదవ లేదు. ఆ సిలబస్ చరిత్ర వినండి. ప్రాచీన రోమన్ వక్త సిసెరో తన మిత్రుడు అట్టికస్‌కు రాసిన ఉత్తరాల్లో, పుస్తకాల చుట్టలకు కట్టే తోలు చీటీలకు 'సిట్టిబాస్' అనే గ్రీకు మాట వాడాడు. 15వ శతాబ్దపు ముద్రణలో అది 'సిలబోస్' అయి కూర్చుంది. అంటే మనం భక్తిగా చేస్తున్నది ఒక అచ్చుతప్పుకు శాస్త్రోక్తంగా బహువచనం కట్టడం.

ఇక 'ఇగ్నోరమై' అనే మహానుభావుల సంగతి. లాటిన్‌లో ఇగ్నోరమస్ నామవాచకం కాదు, క్రియ. 'మాకు తెలియదు' అని అర్థం. సాక్ష్యం చాలని అభియోగాల మీద ఇంగ్లండు జ్యూరీలు ఆ మాట రాసేవి. 1615లో కేంబ్రిడ్జిలో ఆడిన నాటకంలో ఒక అజ్ఞాని వకీలుకు ఆ పేరు పెట్టాక అది తిట్టయింది. 'తెలియదు'కు 'తెలియదులు' అని బహువచనం చేసేవాడిని తిట్టడానికి వేరే మాట వెతకక్కర్లేదు.

బస్సు కథ ఇంకా కమ్మన. 'ఓమ్నిబస్' అంటే అందరి కొరకు. తల నరికేసి తోక ఉంచుకున్నారు, ఆ తోక వట్టి విభక్తి ప్రత్యయం. రోజూ మనం ఒక 'కొరకు' ఎక్కి ఆఫీసుకు వెళ్తున్నామన్నమాట. తెలుగువాడు దానికి 'లు' తగిలించి బస్సులన్నాడు, సీటు దొరికితే చాలనుకున్నాడు.

'డేటా ఆర్' అని పట్టుబట్టే ఆయనే మరుక్షణం 'అజెండా ఈజ్' అంటాడు. అదీ బహువచనమే. స్టామినా కూడా అంతే. అక్కడ నిష్ఠ ఏ గంగలో కలిసిందో!

బాక్టీరియా, అలుమ్నై వాడుకలో స్థిరపడ్డాయి, ఉండనివ్వండి. 'స్టేడియా' రాసినవాడిదీ తప్పు కాదు. 'స్టేడియమ్స్' రాసినవాడి కాగితం మీద ఎర్రగీత గీసినవాడిదే తప్పు. మాస్టారూ, ఆ పిల్లాడికి కోసిన అర మార్కు తిరిగి ఇచ్చేయండి.