ఏ రకం ‘లేను’?

పెళ్ళయిన నాటినుంచీ నేను ఒకే ఒక్క మాటతో సంసారం నెట్టుకొచ్చాను. అది ‘లేను’. గ్యాస్ బండ మార్చలేను, చిక్కుడుకాయల ఈనెలు తీయలేను, డాబా మీద బట్టలు ఆరేయలేను, రైతు బజారుకు వెళ్ళలేను. ఏ పని చెప్పినా దాని తోకకి ఈ రెండక్షరాలూ తగిలిస్తే చాలు, పని తిరిగి మా ఆవిడ చేతిలోకే వెళ్ళిపోయేది. ఎందుకు చేయలేవని అడిగే తీరిక ఆవిడకుండేది కాదు. ఆవిడకు తీరిక లేకుండా చేసింది కూడా నేనే కాబట్టి ఏర్పాటు పకడ్బందీగా ఉండేది.

దీనికి ఎసరు పెట్టింది ఫిన్లాండు. మా అమ్మాయీ అల్లుడూ ఉండేది ఎస్పోలో. నోకియా ప్రధాన కార్యాలయం ఉన్న ఊరది. ఆ దేశ పౌరసత్వం కావాలంటే ఫిన్నిష్ గానీ స్వీడిష్ గానీ వచ్చని రుజువు చూపించాలి. అందుకని అమ్మాయి ఫిన్నిష్ క్లాసులకు పోతోంది. ఆదివారం వీడియో కాల్‌లో ఆ వారం పాఠం వాళ్ళమ్మకు అప్పజెబుతుంది. నేను పక్కనే పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఉంటాను.

“అమ్మా, వీళ్ళకి ‘చేయలేను’ అనటానికి ఒక్క మాట చాలదు. చేయటం రాకపోతే ‘ఎన్ ఒసా’. వచ్చినా వీలు కుదరకపోతే ‘ఎన్ వొయ్’. సత్తువ లేకపోతే ‘ఎన్ యక్స’. టైము చాలకపోతే ‘ఎన్ ఎహ్ది’. సిగ్గేసి మొహం చెల్లకపోతే ‘ఎన్ కెహ్తా’. ఎవరైనా కూడదంటే ‘ఎన్ సా’.”

“అన్నీ ఉండి బుద్ధి పుట్టకపోతేనో?” అంటూ మా ఆవిడ నావైపు చూసింది.

“దానికీ ఉందమ్మా. ‘ఎన్ వీత్సి’.”

ప్రమాదం పసిగట్టి మాట మార్చబోయాను. ఆ ‘ఎన్’ మన ‘లేను’కి అచ్చం తోడబుట్టినట్టుందన్నాను. నేనైతే ఎన్, నువ్వైతే ఎత్, అతడైనా ఆమైనా ఎయ్. మన లేను, లేవు, లేడు లాగా అదీ మనిషిని బట్టి మారుతుంది. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం అచ్చేసిన కాల్డ్వెల్ ఫిన్నిష్ కుటుంబంతో మనకు చుట్టరికం కలిపాడనీ, తర్వాతి పండితులు దాన్ని ఒప్పుకోలేదనీ చెప్పాను.

“చుట్టరికం సంగతి నాకెందుకు గానీ, పద్ధతి బాగుందండీ. మనింట్లోనూ పెడదాం” అంది మా ఆవిడ.

ఆవిడ పుట్టిల్లు పర్చూరు వైపు. మిరప పండించే ఇల్లు. కల్లంలో ఎర్రకాయ ఒకవైపు, తాలు ఒకవైపు ఏరిన చేతులవి. నా ‘లేను’లన్నీ కుప్పపోసి అట్టాగే ఏరటం మొదలుపెట్టింది.

గ్యాస్ బండ మార్చలేనన్నాను. “ఏ రకం లేను?” అంది. ఒసా అన్నాను. రెగ్యులేటరు ఎట్టా తియ్యాలో, ఎట్టా బిగించాలో అక్కడికక్కడే నేర్పేసింది. బజారుకు వెళ్ళలేను, ఎహ్ది అన్నాను. రిటైరైనవాడికి తీరిక లేకపోవటమేందని దెప్పలేదు. పేపరు ఎన్నింటికి అయిపోతుందో కనుక్కుని, సరిగ్గా ఆ టైముకు సంచి చేతికిచ్చింది. కారానికని ఊర్నించి ఎండుమిర్చి వస్తే డాబా మీదికి మోయలేను, యక్స అన్నాను. గుంటూరు యార్డులో హమాలీలు నలభై కిలోలు దాటిన టిక్కీలు వీపున మోస్తారు. నా మూట ఐదు కిలోలు. “రెండు విడతలుగా తీసుకెళ్ళండి” అంది.

బట్టలు ఆరేయటం దగ్గర మాత్రం నిజంగానే కెహ్తా. ఎదురింటాయన చూస్తే మొహం ఎక్కడ పెట్టుకోను? “పొద్దుగూకాక ఆరేయండి” అంది. చీకటి పడ్డాక డాబా ఎక్కితే, ఎదురు డాబా మీద ఆయనా బకెట్టుతో నిలబడి ఉన్నాడు. ఒకరినొకరు చూడనట్టే ఇద్దరం ఆరేసుకుని దిగిపోయాం.

‘ఎన్ సా’ ఒక్కదాని జోలికి నేనెప్పుడూ పోలేదు. షుగరుకి సున్నుండలు కూడదని డాక్టరు చెప్పిన రోజునుంచీ ఆ మాట వాడాల్సింది నేనే. కానీ సున్నుండ విషయంలో మాత్రం నాకు విద్య, వీలు, సత్తువ, తీరిక, అన్నీ పుష్కలం.

తెలుగులో ఈ తేడాలు లేవని కాదు. రాదు, చేతకాదు, కుదరదు, ఓపిక లేదు, తీరిక లేదు, మొహం చెల్లదు, కూడదు, అన్నీ ఉన్నాయి. ఈత రాక ఈదలేనివాడు వేరు, ఈత వచ్చీ సాగర్ కాలవకు నీళ్ళు వదలక ఈదలేనివాడు వేరు. ఇది మా వైపు చిన్నపిల్లాడికీ తెలుసు. కాకపోతే ఏ కారణమైనా సరే ‘లేను’ అనేసి ఊరుకునే వెసులుబాటు మన భాషలో ఉంది. నేను బతికిందంతా ఆ వెసులుబాటు మీదే. కారణం చెప్పని ‘లేను’కి విరుగుడుండదు. చెప్పామా, రానిదాన్ని నేర్పుతారు, తీరిక లేదంటే టైము చూసిపెడతారు, బరువైతే సగం చేసిస్తారు.

అందుకని చివరికి నిజమే ఆయుధం చేసుకున్నాను. ఒక సాయంత్రం కూరలు తరగమంటే కాలు మీద కాలేసుకుని “ఎన్ వీత్సి” అన్నాను. ఇక నేర్పటానికేముంది? సర్దటానికేముంది? ఫిన్నిష్ మొత్తంలో విరుగుడు లేని మాట ఇదొక్కటేనని మురిసిపోయాను.

“మంచిదండీ. ఈ పూట నాక్కూడా అదే” అని మా ఆవిడ టీవీ పెట్టుకుని కూర్చుంది.

ఎనిమిదిన్నరకల్లా నాకు కుక్కరు పెట్టటం వచ్చేసింది. అన్నం పలుకైంది. నా పచ్చిపులుసులో పులుపు తప్ప మరేమీ లేదు. “తినలేను” అనబోయి, ఏ రకం అని అడుగుతుందేమోనని గబగబా తినేశాను.