జుట్టు కాదు, బూట్లు చూడండి

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవడు నన్ను టీవీ ముందు కూలేశాడు. "తాతయ్యా, నీకు వార్ సినిమాలంటే ఇష్టం కదా, ఇది చూడు, మామూలుగా లేదు" అన్నాడు. మామూలుగా లేని మాట నిజమే. పదిహేను రోజులుగా మంచుకొండ మీద పోరాడుతున్న హీరోగారి గెడ్డం నిన్ననే సెలూన్లో కత్తిరించినట్టుంది. తుపాకి పేలినప్పుడల్లా జుట్టు ఎగురుతోంది గానీ చెదరడం లేదు. శత్రువుల బంకరు మీదికి ఉరికే ముందు ఆయన మూడు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాడు. అవతలివాళ్లు మర్యాదస్తులు, పూర్తయ్యేదాకా ఒక్క తూటా పేల్చలేదు. నేను మాత్రం ఆయన కాళ్లే చూస్తున్నాను. బూట్లు అప్పుడే అట్టపెట్టెలోంచి తీసినట్టు నిగనిగలాడుతున్నాయి.

"ఇది యుద్ధం కాదురా, పెళ్లి ఊరేగింపు" అన్నాను.

"మొదలెట్టావా?" అన్నాడు వాడు.

మొదలెట్టాను. డెబ్బై దాటినవాడికి సణుక్కునే హక్కు కూడా లేకపోతే ఎలా?

ఈ కాళ్లు చూసే జబ్బు నాకు మా మేనమామ అంటించాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన బర్మా సరిహద్దులో మిలటరీ లారీ తోలాడు. ఊరందరికీ 'మిలటరీ మావయ్య'. కుడికాలి వేళ్లు రెండింటికి గోళ్లుండేవి కావు. తడి బూట్లలో వారాల తరబడి నాని ఊడిపోయాయట. యుద్ధం గురించి ఏమైనా చెప్పమంటే, "ఏటుందిరా చెప్పడానికి? వాన, బురద" అనేవాడు. అంతే. పతకాలు పెట్టె అడుగున పడుండేవి.

నేను కాలేజీలో చదివే రోజుల్లో, 1957 నాటి 'ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' మళ్లీ విశాఖపట్నం వచ్చింది. ఆ రోజుల్లో మంచి ఇంగ్లీషు సినిమా ఒకసారి వచ్చి పోయేది కాదు, బంధువులా ఏటేటా వచ్చేది. మావయ్యని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. మాటలు అర్థం కావు కాబట్టి మనుషుల్ని చూశాడు. ఓడిపోయిన బ్రిటిష్ సైనికులు ఈల వేసుకుంటూ జపాన్‌వాళ్ల ఖైదీల శిబిరంలోకి కవాతు చేస్తూ వస్తారు. ఆ ఈల లోకమంతటికీ గుర్తుంది. మావయ్య మాత్రం మోచేత్తో నన్ను పొడిచి, "కాళ్లు చూడరా" అన్నాడు. చూశాను. బూట్లు చిరిగిపోయాయి, కొన్నింటికి అట్ట ఊడి వేలాడుతోంది, అయినా లెఫ్టూ రైటూ తప్పలేదు. "తీసినోడికి తెలుసు" అన్నాడు మావయ్య. నేను విన్న సినిమా సమీక్షలన్నింటిలోకీ చిన్నది అదే.

తర్వాత పుస్తకాలు తిరగేస్తే ఆ కథలో అబద్ధాలు బోలెడని తెలిసింది. సినిమా తీసింది సిలోన్లో. వంతెనను పేల్చడానికి వచ్చిన కమాండోలు కల్పన. అసలు వంతెన మీద 1945లో మిత్రరాజ్యాల విమానాలు బాంబులేశాయి. అక్కడి ఖైదీల పెద్ద కల్నల్ టూసీ, సినిమాలో కల్నల్‌లా శత్రువుకి గొప్ప వంతెన కట్టిపెట్టాలని తాపత్రయపడలేదు, తనవాళ్లని ఎలా బతికించుకోవాలా అని పాటుపడ్డాడు. ఇంకా పెద్ద లోపం ఒకటుంది. 1942, 43 సంవత్సరాల్లో వేసిన ఆ 415 కిలోమీటర్ల బర్మా సయాం రైలుమార్గం మీద 12 వేలమందికి పైగా యుద్ధఖైదీలు చచ్చిపోతే, ఆసియా కూలీలు దాదాపు 90 వేలమంది పోయి ఉంటారని అంచనా. మలయా రబ్బరు తోటల్లోంచి తోలుకుపోయిన మన దక్షిణాదివాళ్లు వాళ్లలో ఎంతోమంది. సినిమాలో వాళ్ల ఊసు దాదాపు లేదు.

ఇన్ని తప్పులున్న సినిమాని మావయ్య ఎందుకు మెచ్చుకున్నాడు? కథలో ఎన్ని అబద్ధాలాడినా, కాళ్ల దగ్గర అది నిజం చెప్పింది కనుక. ఇప్పటివాళ్లు తిరగేసి చేస్తున్నారు. తేదీ, రెజిమెంటు పేరు, భుజం మీద బ్యాడ్జీ అన్నీ సరిగ్గా పెడతారు. 'యథార్థ సంఘటనల ఆధారంగా' అని ముందే పెద్దక్షరాలతో వేస్తారు. కాళ్ల దగ్గరికొచ్చేసరికి అబద్ధం.

బూట్ల మాట వచ్చింది కనుక ఇంకొకటి. 1930లో లూయిస్ మైల్‌స్టోన్ తీసిన 'ఆల్ క్వైట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్'ని ఫిల్మ్ సొసైటీ వాళ్లు తెల్లటి దుప్పటి కట్టి వేస్తే చూశాను. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ కుర్రాళ్ల కథ. కాలు తీసేసిన ఒక కుర్రాడు ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉంటాడు. వాడి దగ్గర మంచి తోలు బూట్లున్నాయి. స్నేహితుడికి వాటి మీద కన్ను. ఆ కుర్రాడు పోతాడు, బూట్లు చేతులు మారతాయి. వాటిని తొడుక్కున్నవాడూ పోతాడు, మళ్లీ మారతాయి. ఉపన్యాసం లేదు, జెండా లేదు. ఆ బూట్లకి భయపడే కాబోలు, బెర్లిన్లో ఆ సినిమా ఆడుతుంటే నాజీలు హాల్లోకి తెల్ల ఎలుకల్ని వదిలి గోల చేశారు. నిషేధించేదాకా ఊరుకోలేదు.

మా రోజుల్లో గ్రాఫిక్స్ లేవు. విమానం కావాలంటే విమానమే తేవాలి. 1969లో 'బాటిల్ ఆఫ్ బ్రిటన్' తీసినప్పుడు ఎగరగలిగే స్పిట్‌ఫైర్లు ఎక్కడెక్కడున్నాయో వెతికి పట్టుకొచ్చారు. జర్మన్ విమానాల వేషం కట్టడానికి స్పెయిన్ వాయుసేన దగ్గరున్నవి తెచ్చారు. నిజం విమానం పక్కకి తిరగాలంటే దాని బరువుకి తగ్గట్టు తిరగాలి. ఆ బరువు చూసేవాడి కడుపులో తెలిసేది. ఇప్పటి కంప్యూటరు విమానాలు ఈగల్లా తిరుగుతాయి. బరువు లేనిదానికి భయమెక్కడిది?

ఇక భాష. 1962 నాటి 'ద లాంగెస్ట్ డే'లో జర్మన్లు జర్మన్లోనే మాట్లాడుకున్నారు, ఫ్రెంచివాళ్లు ఫ్రెంచిలోనే. మన సినిమాల్లో శత్రుదేశపు జనరల్ అచ్చతెలుగులో తనని తానే తిట్టుకుంటాడు. అదే సినిమాలో ఒక చిన్న ముచ్చట ఉంది. పారాచూట్ సైనికులకి చీకట్లో ఒకర్నొకరు గుర్తుపట్టడానికి కీచురాయిలా టిక్కుమనే రేకు బిళ్ల ఇస్తారు. ఒకసారి నొక్కితే జవాబుగా రెండుసార్లు రావాలి. ఒకడు నొక్కుతాడు. చీకట్లోంచి టిక్, టిక్ అని రెండు వినిపిస్తాయి. హమ్మయ్య అని లేచి నిలబడతాడు. ఆ రెండు చప్పుళ్లూ జర్మన్ వాడి రైఫిల్ బోల్టువి. యుద్ధంలో చావు ఎంత తేలిగ్గా, ఎంత అర్థం లేకుండా వస్తుందో చెప్పడానికి ఆ రెండు టిక్కులు చాలు.

"మీ రోజుల్లో అన్నీ గొప్పవేనా తాతయ్యా?" అని మావాడు గుచ్చాడు. ఒప్పుకోవాలి, కాదు. 1965లో 'బాటిల్ ఆఫ్ ద బల్జ్' అని ఒకటి వచ్చింది. అసలు యుద్ధం 1944 డిసెంబరులో ఆర్డెన్స్ అడవుల్లో, మంచులో, పొగమంచులో జరిగింది. సినిమా స్పెయిన్లో తీసి, ఆఖరి పోరు ఎండిన మైదానంలో పెట్టారు. అమెరికన్ టాంకులకి రంగు పూసి జర్మన్ టైగర్లు అన్నారు. ఆ యుద్ధం నడిపిన ఐసెన్‌హోవరే అది చూసి తప్పుపట్టాడు. మా రోజుల్లో రక్తం కూడా ఉండేది కాదు. తూటా తగిలితే గుండె పట్టుకుని, నాలుగు మాటలు చెప్పి, శుభ్రంగా పడిపోయేవాళ్లు. అదీ అబద్ధమే.

మనవైపు చూస్తే 1964 నాటి 'హకీకత్' ముందు నిలబడుతుంది. 1962 చైనా యుద్ధంలో మనం ఓడిపోయాం. ఓడిన రెండేళ్లకే చేతన్ ఆనంద్ లడఖ్ వెళ్లి ఆ ఓటమి మీద సినిమా తీశాడు. ఆ గుండె ఇవాళ ఎవరికుంది? గెలిచినవాటి మీద తప్ప తీయడం లేదు. ఆ యుద్ధంలో మన జవాన్లు చాలామంది నూలుబట్టలతో, కాన్వాసు బూట్లతో హిమాలయాల మీద నిలబడ్డారు. సినిమాలో వాళ్లు వెనక్కి నడుస్తూనే ఉంటారు, రాత్రిళ్లు కూర్చుని ఇల్లు తలుచుకుంటారు. చైనావాళ్లని మరీ బొమ్మల్లా చూపించాడు, అది లోపమే. కానీ ఆ నడక మాత్రం నిజం.

నిజమైన యుద్ధాన్ని నేనూ ఒక రాత్రి విన్నాను. చూడలేదు, విన్నాను. 1971 డిసెంబరు 3. పాకిస్తాన్ విమానాలు మన స్థావరాల మీద బాంబులేశాయని సాయంత్రం నుంచీ ఒకటే మాట. అర్ధరాత్రి ఇందిరాగాంధీ మాట్లాడతారంటే విశాఖ బీచికి దగ్గర్లో ఉన్న మా ఇంట్లో అందరం రేడియో చుట్టూ చేరాం. అప్పుడు సముద్రం వైపు నుంచి ఒక్కటే చప్పుడు. కిటికీలు దడదడలాడాయి. భూకంపమని పక్కింటివాళ్లు పిల్లల్నెత్తుకుని వీధిలోకి వచ్చారు. ఆ తర్వాత ఏమీ లేదు. కెరటాల చప్పుడు, రేడియో గరగర. తెల్లారాక వేటకెళ్లిన జాలర్లకి సముద్రంలో ఏవో తెగిన సామాన్లు దొరికాయన్నారు. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మన రేవు ముందరే మునిగిందని, అందులో తొంభైమందికి పైగా పోయారని రోజులు గడిచాక గానీ మాకు తెలియలేదు. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం అది వచ్చింది. వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ని అండమాన్ వైపు దాచేసి, అది ఇక్కడే ఉన్నట్టు రాజ్‌పుత్ అనే పాత ఓడతో నాటకమాడించాడు. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలతోనే గాజీ మునిగిందని మన నౌకాదళం మాట. లోపలి పేలుడో, తాము పెట్టిన మైనో అని అవతలివాళ్ల మాట. ఏదైతేనేం, యుద్ధమంటే నాకు మిగిలింది చప్పుడు ఒక్క క్షణం, ఎదురుచూపు పదమూడు రోజులు. కిటికీలకి నల్లకాగితం అంటించి, దీపం తగ్గించి, అన్నం తింటూ చెవులు బయటికి పెట్టేవాళ్లం.

అందుకే 2017లో 'ఘాజీ' వచ్చినప్పుడు మొదటి ఆటకే వెళ్లాను. మన జలాంతర్గామి ఒకటి గాజీతో తలపడినట్టు కథ అల్లారు. చరిత్రగా నేను ఒప్పుకోను. కానీ ఇరుకు గదిలో చెమట, సోనార్ టింగుమన్నప్పుడల్లా ఆగిపోయే ఊపిరి, పాటలు పెట్టకపోవడం, వీటికి మాత్రం టోపీ తీశాను. నమ్మకపోతే మా బీచిరోడ్డులో కురుసుర జలాంతర్గామి ఎక్కి చూడండి. 91 మీటర్ల పొడవున్న ఇనపగొట్టం. 2001లో విధులు ముగించుకుని, ఆ తర్వాత ఒడ్డుకొచ్చింది. లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒత్తుకోవాలి. అక్కడ రోజుల తరబడి ఊరికే కూర్చోవడం తలుచుకుంటే గుండె జారుతుంది. జనం మాత్రం టార్పెడో పక్కన సెల్ఫీ దిగి వెళ్లిపోతారు.

ఆ కూర్చోవడాన్ని సినిమాగా తీయగలిగినవాడు జర్మన్ దర్శకుడు పీటర్సన్. 1981 నాటి 'దాస్ బూట్'లో గెడ్డాలు నిజంగా పెరగాలని సన్నివేశాలు కథ వరసలోనే తీశాడు. మొహాలు పాలిపోవాలని నటుల్ని ఎండలోకి వెళ్లనివ్వలేదు. మన హీరోలకి ఎండ తగలనివ్వనిది మేకప్ చెడుతుందని!

కొత్తవాళ్లంతా పనికిరారనడం లేదు. 1998లో 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' మొదటి ఇరవై అయిదు నిమిషాలు చూసి నోట మాట రాలేదు. తీరం చేరకముందే నీళ్లలో మునిగేవాళ్లు, తెగిన తన చేతిని తనే వెతుక్కునేవాడు, వణికే చెయ్యి దాచుకునే కెప్టెన్. నటులకి ముందే సైనికశిక్షణ ఇప్పించి, వానలో బురదలో పడుకోబెట్టారు. అది తెర మీద తెలిసింది. 2019లో వచ్చిన '1917' కోసం నిజంగానే కందకాలు తవ్వారు. ఆ ఇద్దరు కుర్రాళ్ల కాళ్లు బురదలో కూరుకుపోతుంటే నాకు మావయ్య గోళ్లు గుర్తొచ్చాయి.

మనవాళ్ల దగ్గరే నా బాధ. 1971లో లోంగేవాలా దగ్గర మేజర్ చాంద్‌పురి దళం నూట ఇరవైమంది దాకా. ఎదురుగా పాకిస్తాన్ టాంకుల బారు. మన హంటర్ విమానాలు చీకట్లో ఎగరలేవు, జైసల్మేర్ నుంచి తెల్లారాకే రావాలి. అంటే రాత్రంతా తూర్పు వైపు చూస్తూ, ఉన్నచోట కాళ్లు ఊని నిలబడటమే వాళ్ల వీరత్వం. మనవైపు పోయింది ఇద్దరేనని చెబుతారు. 1997 నాటి 'బోర్డర్'లో మాత్రం పెద్ద పెద్ద నటులు ఒకరి తర్వాత ఒకరు నేలకొరిగారు. ఇసుక, టాంకులు, ఉత్తరాలు బాగా తీశారు, కాదనను. కానీ చావకుండా నిలబడి గెలిచినవాడు వీరుడు కాదా? ఏడిపిస్తే గాని దేశభక్తి రాదనుకున్నారు.

ఇదంతా విని మావాడు మంచివాడు కనుక 'దాస్ బూట్' పెట్టాడు. కొంతసేపయ్యాక రిమోట్ తీశాడు. "ఏమీ జరగట్లేదు తాతయ్యా, ఫార్వర్డ్ చేస్తున్నా." నీళ్లకింద, చిమ్మచీకట్లో, పైన తిరిగే ఓడ చప్పుడు వింటూ నలభైమంది ఊపిరి బిగబట్టుకున్న చోటు అది. వాడు సరిగ్గా యుద్ధాన్నే ముందుకి జరిపేశాడు.

కనుక అబ్బాయిలూ, అమ్మాయిలూ, ముసలాడి మాట ఒక్కటి వినండి. ఈసారి యుద్ధ సినిమా పెట్టుకుంటే రిమోట్ అవతల పడేయండి. హీరో మొహం సంగతి పోస్టరు చూసుకుంటుంది, మీరు కాళ్లు చూడండి. బూట్లకి బురద లేకపోతే లేచి టీ పెట్టుకోండి.

మావయ్య మిలటరీ నుంచి వచ్చాక ముప్పై ఏళ్లకి పైగా బతికాడు. మళ్లీ ఒక్కనాడూ బూట్లు తొడుక్కోలేదు.